చుక్క కనిపించేదాకా

ప్రభావతికి జైలు సూపరింటెండెంటు అని పేరు పెట్టింది నేనే. వీధిలో మన తెలుగువాళ్ళంతా చాటుగా అదే పేరుతో పిలిచి నవ్వుకునేవాళ్ళు.

వెల్లింగ్టన్ పక్కనున్న లోవర్ హట్‌లో మాకో డెయిరీ ఉంది. డెయిరీ అంటే పాలకేంద్రం కాదు, వీధి మూల ఉండే చిన్న కొట్టుని ఇక్కడ అలాగే పిలుస్తారు. పాలు, రొట్టె, పేపరు, పిల్లలకు చాక్లెట్లు. పొద్దున ఏడింటి నుంచి కౌంటరు వెనక నిలబడే మనిషికి వీధిలో అందరి సంగతులూ తెలుస్తాయి. తెలుస్తాయనే నేనూ నమ్మాను.

ప్రభావతి ఇల్లు మా కొట్టుకి ఎదురుగానే. జగిత్యాల వైపు మనిషి. భర్త విఠల్‌కి వెల్లింగ్టన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, రోజూ రైల్లో వెళ్ళి వస్తాడు. ఒకప్పుడు ఆమె కూడా అదే రైలెక్కి ఆఫీసుకి వెళ్ళేది. నాలుగేళ్ళ కిందట ఉన్నట్టుండి మానేసింది. ఎందుకమ్మా అని అడిగితే, "శరణ్యకు థైరాయిడ్ అక్కా, డాక్టర్ల చుట్టు తిరగాలె" అంది. శరణ్య వాళ్ళ ఒక్కగానొక్క కూతురు. అప్పటికి పదమూడేళ్ళు.

థైరాయిడ్ నాకూ ఉంది. పదిహేనేళ్ళుగా పరగడుపున మాత్ర మింగి కొట్టు తెరుస్తున్నాను. దానికోసం మంచి ఉద్యోగం వదులుకున్న తల్లిని నేనెక్కడా చూడలేదు. గోరంతను కొండంత చేసే రకం కాబోలు అనుకున్నాను.

ఆమె చేసే పనులూ అలాగే ఉండేవి. పిల్ల గడప దాటితే చేతిలో లీటరు నీళ్ళ సీసా ఉండాల్సిందే. రాత్రి పదయ్యేసరికి ఇంట్లో ఇంటర్నెట్ బంద్. స్నేహితురాళ్ళ ఇళ్ళలో పడుకోవడానికి పంపదు. పదిహేడేళ్ళు వచ్చినా ఒంటరిగా ఇంట్లో వదలదు. సోమవారం సాయంత్రాలు తనకు కుట్టు క్లాసు ఉందని చెప్పి, ఆరింటికి శరణ్యను నా దగ్గర కూర్చోబెట్టి వెళ్ళేది. ఏడాదిన్నర నుంచీ నేర్చుకుంటున్నావు, ఒక్క జాకెట్టయినా కుట్టావు కావేమని నేను ఏడిపిస్తే నవ్వి ఊరుకునేది. ఆ నవ్వుకి ఎంత కష్టపడేదో నాకేం తెలుసు.

మాకు పిల్లలు లేరు. శరణ్య అంటే మా ఇద్దరికీ ప్రాణం. ఇక్కడే పుట్టిన పిల్ల, మన మాట అర్థమవుతుంది కానీ నోటికి ఇంగ్లీషే వస్తుంది. ఒక్కోసారి నెలల తరబడి మూగనోము పట్టినట్టుండేది. ఒక్కోసారి ఆపకుండా మాట్లాడేది. ఆ పదమూడో ఏట ఒక వారమంతా మా కొట్టులోని కాగితపు సంచులన్నిటి మీదా బొమ్మలు వేసింది. తన కొత్త కోటు, బూట్లు, సైకిలు వీధిలో పిల్లలకు పంచిపెట్టింది. నేను మురిసిపోయి దానకర్ణుడివే నువ్వని ఐస్‌క్రీమ్ చేతిలో పెట్టాను. ఆ వారంలో ఆ పిల్ల ఐదు రాత్రులు కన్ను మూయలేదట. ఆ సంగతి నాకు నాలుగేళ్ళ తర్వాత తెలిసింది.

ఇక అసలు విషయానికి వస్తాను. పోయిన నవంబరులో శరణ్యకు స్కూలు ఆఖరి పరీక్షలు. అదే సమయానికి కార్తీక మాసం వచ్చింది. కాకినాడలో ఉన్నప్పటి నుంచీ నాకు కార్తీక సోమవారాల ఉపవాసం అలవాటు. అక్కడ సులువు. ఆరున్నరకల్లా చీకటి పడి చుక్క కనబడుతుంది, దీపం పెట్టి భోంచేయొచ్చు. ఇక్కడ నవంబరంటే ఎండాకాలం తలుపు తట్టే రోజులు. పైగా గడియారాలు గంట ముందుకి జరిపి ఉంటాయి. ఎనిమిదింపావు దాకా సూర్యుడే దిగడు, చుక్క కనబడేసరికి తొమ్మిది. "కాకినాడ టైముకి తినేయవే, శివుడేం అనుకోడు" అంటారు మా ఆయన లక్ష్మణరావు. నేను వినను. మొండిదాన్నని మా అమ్మ ఊరికే అనలేదు.

"నేనూ చేస్తా ఆంటీ. ఎగ్జామ్స్ బాగా రాయాలి" అంది శరణ్య.

ఇక్కడ పుట్టిన పిల్ల నోట ఆ మాట వినేసరికి నా ఒళ్ళు పులకరించింది. ఆదివారం రాత్రి నుంచి ఉప్పు ముట్టకూడదని, సోమవారం చుక్క చూసేదాకా పచ్చి గంగ కూడా నోట్లో పోయకూడదని చెప్పాను. "మరి నా టాబ్లెట్స్?" అని అడిగింది. "పరగడుపున వేసుకునేదే కదమ్మా, గుటకెడు నీళ్ళతో మింగెయ్, దోషం లేదు" అన్నాను. ఒక్క క్షణం నా మొహంలోకి చూసింది. ఏదో చెప్పబోయి మానేసింది. అంతటితో ఆగానా? "మీ అమ్మకి చెప్పకు, చెయ్యనివ్వదు" అని కూడా అన్నాను.

నేను ఒక్కరోజు చెబితే ఆ పిల్ల రెండు రోజులు చేసింది. మంచి మార్కులు కావాలంటే ఇంకాస్త గట్టిగా చేయాలనుకుందట. శనివారం రాత్రి నుంచే మొదలుపెట్టింది. లైబ్రరీలో చదువుకుంటానని డబ్బా పట్టుకెళ్ళి, అన్నం అక్కడి చెత్తబుట్టలో పడేసింది. నీళ్ళు సింకులో ఒంపేసి ఖాళీ సీసా తల్లికి చూపించింది. మాత్రలు మాత్రం తప్పకుండా వేసుకుంది.

సోమవారం ఆరింటికి ప్రభావతి పిల్లను దింపి, ఆలస్యమైందని హడావుడిగా వెళ్ళిపోయింది. ఆ రోజు గాలి లేదు. మా ఊళ్ళో గాలి లేని రోజంటే వింతే, ఇల్లంతా ఉక్కగా ఉంది. శరణ్య మొహం పీక్కుపోయి ఉంది. ఉపవాసం కదా అనుకున్నాను. దీపాలకు ఆడవాళ్ళు వస్తారని ప్రమిదల్లో నూనె పొయ్యమన్నాను. సీసా పట్టుకున్న చెయ్యి గడగడ వణికి నూనె పళ్ళెమంతా ఒలికింది. "మనసు దేవుడి మీద పెట్టు తల్లీ" అని కసిరాను.

ఇంకాసేపటికి వాంతి చేసుకుంది. కడుపులో ఏమీ లేదు, పసరు మాత్రమే. పైత్యం అన్నాను. నాకు తెలిసిన వైద్యం అంతే.

"ఆంటీ, వాటర్" అంది.

నేను గడియారం చూశాను. ఏడు కావడానికి పదిహేను నిమిషాలుంది. కిటికీలోంచి ఎండ నేరుగా మొహాన కొడుతోంది. "ఇంకో రెండు గంటలేనమ్మా. ఇంతదాకా వచ్చి ఫలం పోగొట్టుకుంటావా? ఓర్చుకో" అన్నాను.

ఈ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు. దాహమన్న పిల్లకు నీళ్ళివ్వని దాన్ని నేను. సిగ్గుతో చచ్చిపోతున్నా రాస్తున్నాను.

శరణ్య లేచి బాత్‌రూమ్ వైపు నడిచింది. నాలుగడుగులు వెయ్యలేక తాగినవాళ్ళలా తూలి ద్వారబంధానికి గుద్దుకుంది. "ఏమైందే?" అంటే ఏదో చెప్పింది, మాట ముద్దగా వచ్చింది. ఇంగ్లీషూ కాదు, తెలుగూ కాదు. చప్పుడుకి మా ఆయన కొట్టులోంచి పరిగెత్తుకొచ్చారు. "మతి పోయిందా నీకు? ముందు నీళ్ళు పట్టు!" అని అరిచారు. పట్టాను. తాగింది తాగినట్టే కక్కేసింది.

ప్రభావతికి నాలుగుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు. కుట్టు క్లాసు లైబ్రరీ పక్కన హాల్లో అని చెప్పినట్టు గుర్తు. ఆస్పత్రికి ఆ దారినే వెళ్ళాలి. ఇద్దరం పిల్లను మోసుకుని కారులో వేశాం. ఆయన నడుపుతుంటే నేను వెనక సీట్లో దాని తల ఒళ్ళో పెట్టుకుని, "నీ పేరు చెప్పు తల్లీ, నీ పేరు చెప్పు" అని అడుగుతూనే ఉన్నాను. చెప్పలేకపోయింది.

హాల్లోకి పరిగెత్తాను. లోపల ఒక్క కుట్టుమిషను లేదు. ఎనిమిది తొమ్మిది మంది గుండ్రంగా కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. తల నెరిసిన ఒక తెల్లాయన, చేతిలో టిష్యూ నలుపుతున్న ఒక సమోవా దీవుల తల్లి, ఇంకా ఎవరెవరో. మధ్యలో ప్రభావతి మాట్లాడుతోంది. ఈ వారం కూడా మా వాళ్ళెవరికీ చెప్పలేకపోయానని ఇంగ్లీషులో అంటోంది. నన్ను చూసి ఆగిపోయింది. ఆ మొహంలో ముందు కనబడింది దొరికిపోయిన భయం. శరణ్య కారులో ఉందన్నాక ఆ భయం పోయి ఇంకోటి వచ్చింది. కుర్చీ పడిపోయేలా లేచి పరిగెత్తింది.

కూతురి చెయ్యి పైకెత్తి పట్టుకుంది. వేళ్ళు వాటంతటవే ఎగురుతున్నాయి.

"నీళ్ళెప్పుడు తాగింది?"

"ఇవాళ ఉపవాసమమ్మా, కార్తీక సోమవారమని..."

"ఎప్పటి సంది?"

నేను చెప్పేలోపు శరణ్య వణికే చేత్తో రెండు వేళ్ళు చూపించింది.

"రెండు రోజులా? ఉప్పు గూడ తినలేదా?"

నేను తల దించుకున్నాను.

"అయ్యో అక్కా! అది లిథియం మీదున్నది! ఉప్పు, నీళ్ళు బందైతే ఆ మందు ఒంట్లనే నిలుస్తది, విషమైతది!"

"థైరాయిడ్ అన్నావు కదే..."

"థైరాయిడ్ కాదు! బైపోలార్! నా బిడ్డకు బైపోలార్ అక్కా!"

కార్లు ఆపుకునే చోట, పట్టపగటి వెలుతురులో, ఆమె గొంతు చించుకుని అరిచింది. నాలుగేళ్ళలో ఆ మాట బయటి తెలుగు మనిషి ముందు పైకి అనడం అదే మొదటిసారట.

ఈలోగా తెల్లాయన అంబులెన్సుకి ఫోన్ చేసేశాడు. మందు పేరు, మోతాదు చెప్పమని ఫోను ప్రభావతి చెవి దగ్గర పెట్టాడు. సమోవా తల్లి తన కోటు మడిచి శరణ్య తల కింద పెట్టి, ఊపిరాడేలా పక్కకి తిప్పి పడుకోబెట్టింది. ఎవరూ ఎందుకు, ఏమిటి అని అడగలేదు. అందరి పిల్లలూ ఇలాంటివాళ్ళే, మనసు ఒకప్పుడు పట్టపగ్గాల్లేక ఎగసి ఒకప్పుడు కుంగిపోయేవాళ్ళు. ఏడాదిన్నరగా ప్రభావతి సోమవారాలు నేర్చుకుంటున్నది ఏమిటో నాకు అప్పుడర్థమైంది.

ఆస్పత్రిలో సెలైన్ పెట్టారు, నెత్తురు తీసి పరీక్షకి పంపారు. నెత్తురులో మందు ప్రమాదకరంగా పెరిగిందని, కిడ్నీలకో మెదడుకో శాశ్వతంగా దెబ్బ తగలొచ్చని, తెల్లవారేదాకా ఏమీ చెప్పలేమని డాక్టరమ్మ అంది. రైలు దిగి పరిగెత్తుకొచ్చిన విఠల్ సంగతంతా విని నా వైపు తిరిగాడు. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. చేతులు జోడించాడు.

"అక్కా, మీకు దండం పెడ్త. ఇది బయటికి పోనియ్యకుండ్రి. ఎవరన్న అడిగితే ఫుడ్ పాయిజన్ అని చెప్పుండ్రి. రేపు పిల్లకు సంబంధాలు చూడాలె."

ఇంటిగుట్టు లంకకు చేటని నమ్మిన మనిషి. ప్రభావతి మాత్రం కూతురి వేళ్ళ వైపే చూస్తూ కూర్చుంది. దీపాలకని మా ఇంటికొచ్చి తాళం చూసిన ఆడవాళ్ళు నాకు ఒకరి తర్వాత ఒకరు ఫోన్ చేస్తున్నారు. నేను ఫోను ఆపేశాను.

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి శరణ్య కళ్ళు తెరిచింది. డాక్టరమ్మ అడిగితే పేరు చెప్పింది. పుట్టినరోజు చెప్పింది. ఇవాళ ఏ వారమో మాత్రం తప్పు చెప్పింది. అంతలో తనే, "వెయిట్, మంగళవారం" అని దిద్దుకుంది. డాక్టరమ్మ నవ్వింది. గండం గడిచినట్టే, అయినా ఇంకో రెండు మూడు రోజులు ఉంచాలి, పరీక్షలు మళ్ళీ రాయొచ్చు అంది.

"సారీ ఆంటీ, మీకు నిజం చెప్పలేదు" అంది శరణ్య నన్ను చూసి. నేను కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. ఆ పిల్ల నాకు సారీ చెప్పడమేమిటి?

తర్వాత నర్సు ఒక కాగితం పట్టుకుని వచ్చింది. పిల్లకు మళ్ళీ ఒంట్లో బాగాలేక అమ్మానాన్నలు దొరక్కపోతే ఎవరిని పిలవాలి, జబ్బు సంగతి తెలిసిన దగ్గరి మనుషులు ఎవరున్నారు అని అడిగింది. పాత కాగితంలో ఆ గడి నాలుగేళ్ళుగా ఖాళీగానే ఉందట.

"ఎవ్వరు లేరు. మేమిద్దరమే" అన్నాడు విఠల్.

నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. నా పేరు చెప్పుకునే మొహం నాకు లేదు.

"శకుంతలక్క పేరు రాయుండ్రి" అంది ప్రభావతి నన్ను చూపిస్తూ. నర్సుకి ఇంగ్లీషులో మళ్ళీ చెప్పింది.

విఠల్ గొంతు తగ్గించాడు. "నీకు సోయి ఉన్నదా ప్రభా? పిల్లను ఈ గతికి తెచ్చింది ఆమెనే గద."

"ఆమె తెల్వక చేసింది" అంది ప్రభావతి. "మనం తెలిసి దాచినం."

నర్సు శరణ్య వైపు తిరిగి, నీకు ఇష్టమేనా అని అడిగింది. శరణ్య తల ఊపింది.

నర్సు నా ఫోను నంబరు అడిగింది. సగం చెప్పి రెండంకెలు తప్పు చెప్పాను. క్షమించమని, మళ్ళీ మొదటినుంచి చెప్పాను.