లే అంటే అలే

అరబ్బు దేశంలో, రుమైథియా అనే పేటలో నేను పనిచేసే ఇంటి చిన్నపిల్ల ఫ్రెంచ్ బడిలో చదువుతోంది. పాలసీసా నాటి నుంచి నా చేతుల మీదే పెరిగింది కాబట్టి నాతో సగం అరబ్బీ, సగం మా రాయచోటి తెలుగు మాట్లాడుతుంది. దాని మొదటి ఫుట్‌బాల్ మ్యాచ్‌కి మామా రాలేనంది. మా యజమానురాలిని అలాగే పిలుస్తాం. తన బదులు నన్ను వెళ్లమంది.

పిల్లకు దిగులు పట్టుకుంది.

"అక్కా, అందరి అమ్మలూ ఫ్రెంచ్‌లో అరుస్తారు. నువ్వు అరబ్బీలో యల్లా యల్లా అంటే నగుతారు. నగితే నేను ఇంగ ఆడను, ఖలాస్."

ఆటంటే దానికి ప్రాణం. నా నోటి మూలంగా ఎక్కడ మానేస్తుందోనని నాకు భయమేసింది.

వంటింట్లో నన్ను కూర్చోబెట్టి పాఠం చెప్పింది. వాళ్ల జట్టు చొక్కాలు నీలం కాబట్టి "అలే లే బ్లూ" అనాలట, అంటే పదండి నీలం చొక్కాలూ అని. బంతితో పరుగెత్తేవాళ్లను "వాజీ" అని ఉసిగొల్పాలి. మనమే గెలుస్తాం అనడానికి "ఆన్ వా గాన్యే". ఈ చివరిది నా నోట్లో పడి "ఆనవా గానుగ" అయింది. పిల్ల తల పట్టుకుంది. గురువుకి ఓపిక ఉండాలి గానీ, నేను పెంచిన పిల్ల కదా, దానికి నా కోపమే అబ్బింది.

మైదానం అంచున తల్లుల వరసలో చివర కూర్చుని ఆ మూడు మాటలూ జపిస్తున్నాను. ఇంతలో పిల్ల ఎవరి కాలో తగిలి బోర్లా పడింది. కదల్లేదు. నా పైప్రాణాలు పైనే పోయాయి. నేర్చుకున్న ఫ్రెంచ్ అంతా గాలికి పోయింది. లేచి నిలబడి గొంతు చించుకున్నాను.

"అమ్మా, లే! లే తల్లీ, లే!"

పక్కనున్న ఫ్రెంచావిడ కూడా లేచి "అలే! అలే!" అని అందుకుంది. ఆమె వెనక వరసంతా. నా "లే" వాళ్ల చెవికి "అలే" అయిందని తెలిసేసరికి పిల్ల మోకాళ్లు దులుపుకుని నిలబడింది. ఎవరూ నవ్వలేదు. హమ్మయ్య అనుకుని కూలబడ్డాను. మ్యాచ్ ఓడిపోయారు గానీ అది నాకు పట్టలేదు.

ఇంటికి వస్తూ కారులో గొప్పలు పోయాను. "చూసినావా, నా ఫ్రెంచ్‌కి అందరూ ఎట్ల లేసి నిలబడినారో."

"అది ఫ్రెంచ్ కాదక్కా," అంది పిల్ల. "దినామూ పొద్దున నన్ను లేపేది అట్లనే కదా. అంతమంది అరిచినారు గానీ, నేను నీ గొంతు ఇనే లేసినా. వచ్చే మ్యాచ్‌కి గూడా నువ్వు అట్లనే అరవాల."