బండుంగ్ రంగు ప్రాక్టికల్

‘ఆ రోజుల్లో’ అని మొదలుపెట్టే వయసు నాకింకా రాలేదని మా అమ్మ అభిప్రాయం. నిజమే, చెప్పబోయే రోజులకీ ఈ రోజుకీ మధ్య నాకు కొత్తగా వచ్చింది కాస్త పొట్ట, పాయా లేబర్ పేటలో ఒక ఆఫీసు, దాని ఐడీ కార్డు. అయినా జూనియర్ కాలేజీలో గడిపిన ఆ రెండేళ్ళూ తల్చుకుంటే ఎవరో పూర్వీకుల కథ చదువుతున్నట్టే ఉంటుంది. అప్పుడు మా లోకంలో రెండు రకాల మనుషులుండేవారు. పరీక్ష అవగానే జవాబులు పోల్చుకునేవాళ్ళు ఒక రకం. పోల్చుకోకూడదని ఒట్టేసుకుని, ఆ ఒట్టు సంగతి మాట్లాడుకుంటూనే పోల్చుకునేవాళ్ళు రెండో రకం. నేను మూడో రకమని నా నమ్మకం. పక్కన కూర్చుని ఇద్దరినీ చూసి నవ్వేవాణ్ణి. ఈ ఉద్యోగానికి జీతం ఉండేది కాదు గానీ పని మాత్రం బోలెడు.

సెంగ్‌కాంగ్‌లో మా బ్లాకులోనే పై అంతస్తులో ఉండే నా స్నేహితుణ్ణి అందరం డాక్టర్ అనేవాళ్ళం. వాడు బడిలో చేరిన రోజు నుంచీ వాళ్ళమ్మ “మా డాక్టర్ గారు అన్నం సరిగా తినట్లేదండీ” అంటూ ఊరంతా చాటింది కాబట్టి, లిఫ్టులో కలిసే చైనీస్ అంకుల్ ఒకాయన ఓసారి వాణ్ణి ఆపి మోకాలి నొప్పి గురించి అడిగాడు. (వాడు అప్పుడు ఏడో తరగతి. ఐస్ పెట్టమన్నాడు. తగ్గిందట.) విచిత్రమేమిటంటే, వాడికీ నిజంగా అదే కావాలి. అరటితొక్క చీల్చి, సూదీ దారంతో మళ్ళీ కుట్టి, ఎంత బాగా అతికిందో నాకు చూపించేవాడు. అరటిపండు మాత్రం నేను తినేవాణ్ణి. మెడిసిన్‌లో సీటు రావాలంటే కెమిస్ట్రీలో ‘ఏ’ గ్రేడు తప్ప మరొకటి పనికిరాదని వాడికి తెలుసు, వాళ్ళమ్మకి తెలుసు, మోకాలి అంకుల్‌కి కూడా తెలుసు.

ఆ కెమిస్ట్రీ ప్రాక్టికల్ పరీక్షకి మా దగ్గర ఒక ఆచారం ఉంది. ల్యాబులు చాలవు కాబట్టి పిల్లల్ని రెండు జట్లు చేసి, ఒకే పేపరు ఒకరి తర్వాత ఒకరికి ఇస్తారు. ముందు రాసినవాళ్ళు బయటికెళ్ళి గుట్టు విప్పేయకుండా, రెండో జట్టు ల్యాబుల్లోకి వెళ్ళి కూర్చునేదాకా పెద్ద హాల్లో బంధిస్తారు. దాన్ని క్వారంటైన్ అంటారు. ఫోన్లు ముందే తీసుకుంటారు. చేతికో కర్రీ పఫ్, ఒక మైలో చాక్లెట్ పాల ప్యాకెట్ ఇస్తారు. అప్పుడే పరీక్ష రాసొచ్చిన వందమందిని ఒకచోట చేర్చి, మాట్లాడుకోవడానికి ఆ పరీక్ష తప్ప మరేమీ మిగల్చకపోతే ఏమవుతుందో ఆ ఆచారం పెట్టినవాళ్ళు ఆలోచించారో లేదో నాకు తెలీదు.

ఆ రోజు మేమిద్దరం పై అంతస్తు ల్యాబులో రాశాం. వాడు నా ముందు బెంచీ. పొడవాటి గాజు గొట్టంలోంచి చుక్కలుచుక్కలుగా క్షారం వదిలి, కింద ఫ్లాస్కులో ఉన్న ఆమ్లానికి రంగు రాగానే ఆపి, ఎన్ని మిల్లీలీటర్లు ఖర్చయ్యాయో రాయాలి. అదే ఎక్కువ మార్కుల ప్రశ్న. నా ఫ్లాస్కులో రంగు ఎంత అందంగా వచ్చిందంటే, హాకర్ సెంటర్‌ తిండి కొట్లలో రోజ్ సిరప్, పాలు కలిపి అమ్మే బండుంగ్ గుర్తొచ్చి దాహం వేసింది. రెండోసారి కూడా సరిగ్గా అదే రంగు తెప్పించాను. మిగతా ప్రశ్నలు దారుణంగా ఉన్నాయి, ఆ పౌడరు ఏమిటో, అది పొంగడమేమిటో ఎవరికీ అర్థం కాలేదు. కానీ ఈ ఒక్కటీ కొట్టేశానన్న ధీమాతో హాల్లోకి వచ్చి పఫ్ అందుకున్నాను.

హాల్లో మా ముందు వరసలో కాలిక్యులేటర్ కూర్చుంది. కింది ల్యాబులో రాసిన చైనీస్ అమ్మాయి. రెండంకెల భాగహారాలు నోటితో చేస్తుందని ఆ పేరు. ఎవరూ అడక్కముందే వెనక్కి తిరిగి, “ట్వెంటీ ఫోర్ పాయింట్ ఫైవ్ వచ్చింది లా. మీకు?” అంది, ఇక్కడివాళ్ళు మాట చివర తగిలించే ‘లా’తో సహా. చుట్టూ ఉన్నవాళ్ళు అదేనని తలలూపారు. నాకూ ఇరవై నాలుగున్నరే. కాలిక్యులేటర్‌తో నా జవాబు కలవడం అదే మొదటిసారి కాబట్టి కాస్త గట్టిగానే చెప్పాను.

డాక్టర్ కొరకబోతున్న పఫ్ పక్కన పెట్టేశాడు. “నాకు ఇరవై ఒకటిన్నర వచ్చింది మావా,” అన్నాడు. “అయిపోయింది.”

“ఏది, పఫ్ఫా?” అన్నాను. వాడు నవ్వలేదు. లోగొంతులో తన నిర్ణయాలు ఒక్కొక్కటే చెప్పాడు. వచ్చే వారం థియరీ పేపర్లు రాయడట. గేటు దగ్గర వాళ్ళమ్మ నిలబడి ఉంటుంది, రాఫెల్స్ ప్లేస్ బ్యాంకులో సెలవు పెట్టి మరీ వచ్చింది, బయటికెళ్ళగానే ఆవిడకే చెప్పేస్తాడట. నేరుగా ఆర్మీకి పోతాడట.

“ఆర్మీకి ఎలాగూ పోవాలిరా,” అన్నాను. ఈ దేశంలో మగపిల్లలెవరికీ ఆర్మీలో రెండేళ్ళు తప్పవు. “అది శపథం కాదు, షెడ్యూలు.”

మామూలుగా అయితే ఆ మాటకి నన్నొకటి కొట్టి మనుషుల్లో పడేవాడు. ఆ రోజు మైలో స్ట్రా నలుపుతూ తలుపు వైపే చూస్తున్నాడు. ఆ తలుపు తెరిస్తే నిజంగానే వెళ్ళి చెప్పేస్తాడని నాకప్పుడు అర్థమైంది. జోకు పేలకపోతే నాకు చేతులు కట్టేసినట్టుంటుంది, వేరే విద్య రాదు. అందుకని వీడికంటే ఘోరమైన అంకె వచ్చినవాణ్ణి ఎవరినైనా పట్టుకొచ్చి పక్కన కూర్చోబెడదామని లేచి వెనక వరసల్లోకి వెళ్ళాను.

మొదట అడిగినవాడు ఇరవై ఒకటిన్నర అన్నాడు. వాడి పక్కమ్మాయిదీ అదే. ఆ వెనక వరసంతా అదే. పైగా ముందు వరసల వాళ్ళకి వేరే అంకె వచ్చిందని విని, పాపం రెండేళ్ళు ఏం చదివారోనని మమ్మల్ని చూసి జాలిపడుతున్నారు. తిరిగొచ్చి, నీ జాతి వాళ్ళు చాలామందే ఉన్నార్రా అని చెప్పాను. డాక్టర్ నమ్మలేదు. కాలిక్యులేటర్ మాత్రం నమ్మేసింది. మొహం పాలిపోయి, టిష్యూ మీద లెక్కలు వేయడం మొదలుపెట్టింది. కాసేపట్లో హాలు రెండు పార్టీలుగా చీలింది. ఎన్నిక ఒక్కటే తక్కువ.

గోల ఎక్కువై, కాపలాగా కూర్చున్న మా కెమిస్ట్రీ టీచర్ లేచింది. ఏసీకి భయపడి ఏడాది పొడుగునా స్వెటర్ వేసుకునే మేడమ్. ఆవిడ గొంతు పెంచదు. కింది ల్యాబులో రాసినవాళ్ళు చేతులెత్తండి అంది. ముందు వరసలు ఎత్తాయి. పై ల్యాబువాళ్ళు అంది. వెనక వరసలు ఎత్తాయి. అప్పుడు ఆవిడ చెప్పింది, ఏ ల్యాబు సీసాలు ఆ ల్యాబుకి విడిగా కలుపుతారని, మేం వచ్చే ముందే ప్రతి ల్యాబులో ఒక టీచర్ ఆ ప్రయోగం చేసి అంకె రాసి పెడుతుందని, మా అంకె కలవాల్సింది ఆ అంకెతో తప్ప పక్కవాడి అంకెతో కాదని. ఇది రెండేళ్ళుగా చెబుతున్నానని కూడా అంది. వినే ఉంటాం. కానీ పక్కవాడి జవాబు ఉండగా మేం ఎప్పుడైనా నియమాలు గుర్తుపెట్టుకున్నామా?

హాలంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. కాలిక్యులేటర్ టిష్యూ చించేసింది. డాక్టర్ మాత్రం నా వైపే చూస్తున్నాడు.

“రేయ్,” అన్నాడు నెమ్మదిగా. “ఇందాక కింది ల్యాబు వాళ్ళతో పాటు నువ్వెందుకెత్తావు చెయ్యి? నువ్వు నా వెనక బెంచీ కదా.”

గెలిచే పార్టీలో ఉండాలన్న ఉత్సాహంలో ఎత్తినట్టున్నాను. అప్పుడు దించాను.

“నీకెంత వచ్చిందన్నావు?”

చెప్పాను.

“రంగు ఎలా వచ్చింది?” గొంతు మారిపోయింది. లిఫ్టులో మోకాలు చూసిన గొంతు అది.

“బండుంగ్‌లా.”

“రెండుసార్లూనా?”

“రెండుసార్లూ.”

కళ్ళు మూసుకుని తలాడించాడు. “కనపడీ కనపడని లేత గులాబీ రాగానే ఆపాలి మావా. నువ్వు మూడు మిల్లీలీటర్లు ఎక్కువ పోసి జ్యూస్ కలిపావు.” వాడి మొట్టమొదటి పేషెంటుని నేనే అయ్యాను. (మోకాలి అంకుల్‌ని లెక్కలోకి తీసుకోకపోతే.) ఆ తర్వాత వాడు పక్కన పెట్టిన పఫ్ తీసి, సగం విరిచి నా చేతిలో పెట్టాడు. “ఏం పర్లేదులే, ఆర్మీ ఉందిగా. షెడ్యూలు,” అన్నాడు. ఆ జోకు పేలింది. చెప్పింది నేను కాకపోవడం ఒక్కటే లోపం.

గేటు బయట వాళ్ళమ్మ పులిహోర డబ్బాతో ఎండలో నిలబడి ఉంది. ఎలా రాశావు నాన్నా అని ఆవిడ అడిగితే, వాడు బాగానే రాశానమ్మా అన్నాడు, అంతకు ముందు ఇంకేదో చెప్పాలనుకున్నది వేరెవరో అన్నట్టు. “ముందు వీడికి పెట్టు. వీడికి కొంచెం నీరసంగా ఉంది,” అన్నాడు. ఆవిడ నా నుదుటి మీద చెయ్యేసి చూసింది. నేను కూడా నీరసంగానే తిన్నాను, రెండుసార్లు పెట్టించుకుని.

డాక్టర్ ఇప్పుడు నిజంగానే మెడిసిన్ చదువుతున్నాడు. ఫోను చేస్తే హలో కంటే ముందు, ఏం రంగు మావా అంటాడు. నేను రంగులతో పనిలేని ఉద్యోగంలో పడ్డాను, అందరికీ క్షేమం. కానీ ఆఫీసు కింద హాకర్ సెంటర్‌లో బండుంగ్ కొనుక్కున్నప్పుడల్లా, కొట్టు అంకుల్ సిరప్ పోస్తుంటే నా చెయ్యి దానంతటదే పైకి లేస్తుంది. చాలు అంకుల్, లేత గులాబీ రాగానే ఆపేయండి అంటాను. ఇంత చిన్న వయసులోనే షుగరా అని ఆయన నా వైపు జాలిగా చూస్తాడు. నేను కాదనను.