తడిసినా ఏమీ కాని డిస్కు

రెండువేల సంవత్సరం దాటాక కొన్నేళ్లు మండపేటలో ఒక రైసు మిల్లులో కంప్యూటరు చూసుకునేవాణ్ణి. మిల్లు ఆడుతుంటే ఆఫీసు గది అదిరేది. ఆ అదురుకే రెండు హార్డ్ డిస్కులు పోయాయి. చివరికి కాకినాడ వెళ్లి, చుట్టూ దళసరి రబ్బరున్న డిస్కు కొన్నాను.

"పడేసినా, తడిసినా ఏమీ కాదండి," అన్నాడు షాపాయన.

ఆ మాట నమ్మి ఊరుకునే రకం కాదు నేను. ఉత్త డిస్కును పరీక్షిస్తే ఏం తెలుస్తుందని, ఆఫీసు ఫైళ్లన్నీ అందులోకి మార్చేసి, బల్ల మీంచి పడేశాను. పనిచేసింది. నాకు స్థిమితం రాలేదు సరికదా, అనుమానం ఎక్కువైంది. ధాన్యం బస్తాలో కుక్కి, లారీ మీంచి రోజూ విసిరినట్టే విసరమని హమాలీల జట్టు మేస్త్రికి ఇచ్చాను. పనిచేసింది. నీళ్ల తొట్టిలో ముంచాను. తీసి, కళ్లంలో ఆరబోసిన ఉడికిన ధాన్యం మీద పెట్టాను. మా మిల్లులో ఏది తడిసినా ఆరేది అక్కడే.

టీ తాగొచ్చేసరికి కళ్లం ఖాళీగా ఉంది. మబ్బు పట్టిందని ధాన్యమంతా గబగబా లాగి బస్తాలకెత్తేశారు. డిస్కూ వెళ్లిపోయింది. ఒక్కో బస్తా మూతి విప్పించి, మోచేతి దాకా చెయ్యి పెట్టి కెలుకుతున్నాను. మేస్త్రి చెమట తుడుచుకుంటూ నిలబడ్డాడు.

"ఎందుకండీ ఈ అవస్థ? ఎలాగూ ఏమీ కాదంటున్నారుగా. ధాన్యంతోపాటు మిల్లులోకే పోసేద్దామండి, అదీ చూసేసినట్టుంటది."

బస్తాలో నా చెయ్యి ఒక్క క్షణం ఆగింది.