కుంకుమ కింది చీల

పోయిన నెల హోసూరులో మా అమ్మాయి పాత సామాన్ల అంగడిలో ఒక టేకు పనిబల్ల కొన్నదంటే మురిసిపోయిన మాట నిజమే గానీ, తీరా అది మేడమెట్లన్నీ ఎక్కివచ్చి ఇంటి వాకిట్లో అడ్డం తిరిగి నిలిచిపోయింది. ఇంట్లోనే కూర్చుని కంపెనీ పని చేసుకునే పిల్ల, కొత్త బల్లలు ఏడాది తిరక్కుండానే ఊగుతుంటే విసిగిపోయి ఏరికోరి తెచ్చుకున్నది. మోసుకొచ్చినతను సంచిలోంచి రంపం తీసి, "ఇది దూరదమ్మా, కాళ్లు కోసి లోపల మళ్లా పట్టీలు కొడతాము" అన్నాడు. మా అమ్మాయి నా ముఖం చూసింది.

అలాంటి రంపాన్ని చిన్నప్పుడు ఒకసారి చూసి ఉన్నాను. కావేరిపట్టణంలో మా నాయనది దర్జీ అంగడి. గుడ్డ పరిచి కత్తిరించేదీ, ఇస్త్రీ పెట్టేదీ ఒకే బల్ల మీద, మధ్యాహ్నం నేను నిద్రపోయేది దాని కింద. మన ఈడువాళ్లకు అలాంటి బల్లల సంగతి చెప్పనక్కరలేదు. అంగడి ఖాళీ చేయవలసి వచ్చిననాడు కుట్టుమిషను బయటికి వచ్చింది, బల్ల రాలేదు. గదిలోనే చేయించిన బల్ల, వాకిలి చాలదని అంతవరకూ ఎవరికీ తట్టలేదు. చిన్నాయన రంపం తెచ్చాడు. కాలు తెగితే బల్ల ఊగుతుంది, ఊగే బల్ల మీద గుడ్డ కోస్తే కొలత తప్పుతుంది. నాయన దాని మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

అమ్మ కొంగు తడిపి బల్ల కాలు తుడవసాగింది. బొట్టు పెట్టిన దాని మీద రంపం ఆడకూడదని ఆమె పట్టింపు. ఏటేటా ఆయుధపూజకు పూసిన పసుపూ కుంకుమా అట్టకట్టి ఉన్నాయి. ఆ అట్ట ఊడగానే కింద గుండ్రటి చెక్క చీల బయటపడింది. "ఆగప్పా, ఈడ చీల ఉండాది" అన్నది మరిదితో. చీలలు తట్టి తీస్తే కాళ్లు ఊడివచ్చాయి. వాటిని నాయనే బయటికి మోసుకుపోయాడు.

ఇక్కడ మా అమ్మాయి వాకిట్లో నేనూ కొంగు తడపబోయి ఆగిపోయాను. అంగడివాళ్లు పాలిష్ కొట్టి కాళ్లను నున్నగా చేసేశారు, ఏ ఆనవాలూ లేదు. అసలు చీలలే లేకపోతే, నా చాదస్తం కొద్దీ పిల్ల ముచ్చట చెడిపోతే? వేళ్లతో తడుముతూ ఉంటే పక్కింటివాళ్లు దారి కోసం మెట్ల మీద నిలబడ్డారు, మోసుకొచ్చినతను రంపాన్ని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటున్నాడు. చివరికి కాలికి లోపలివైపు సన్నటి గుండ్రటి అంచు వేలికి తగిలింది. "కొంచెం ఆగప్పా" అని, అతని చేత చీలలు తట్టించి కాళ్లు ఊడదీయించాను.

బల్ల ఇప్పుడు గదిలో కదలకుండా ఉంది. అయితే ఈ కాలపు ఉద్యోగాలు మనుషుల్ని ఒక ఇంట నిలవనిస్తాయా? మళ్లీ ఇల్లు మారేనాటికి నేను ఉంటానో లేదో, ఎవరు ఏ రంపం తెస్తారో. అందుకే మొన్న ఆయుధపూజకు మా అమ్మాయి తన ల్యాప్‌టాప్‌కు బొట్టు పెడుతుంటే, నేను బల్ల కింద కూర్చుని ఒక్కో చీల మీదా కుంకుమ పెట్టాను. పనిమనిషి మరక అనుకుని తుడిచేస్తుందేమోనని రోజూ వంగి చూసుకుంటున్నాను.