కుంకం కోసం ఆపిన ఇంజన్

మాది ధర్మవరం. ఆయుధపూజ నాడు మా ఇంట్లో మగ్గాలు ఆగాల్సిందే. విదేశంలో, ఒక చిన్న దీవి ఒడ్డున బార్జి మీద తేలే డీజిల్ పవర్ స్టేషన్‌లో ఆపరేటర్‌గా చేరినా ఆ పట్టింపు నన్ను వదల్లేదు. దీవి మొత్తానికి మా రెండు ఇంజన్లే దిక్కు.

పండగ రోజు నాయన ఫోన్ చేశాడు.

“తిరిగే ఇంజన్‌కు కుంకం పెడతావా? తప్పు గదరా! ఆపి పెట్టు.”

ఒక ఇంజన్ పావుగంట ఆపుతానంటే, తోటి ఆపరేటర్ పెనుకొండ రామప్ప అడ్డుపడ్డాడు.

“వద్దప్పా, ఈ ఎండకు ఊరంతా ఏసీలు తిరుగుతాండాయి. రెండోది లోడు మొయ్యలేదు.”

నేను వినలేదు. కొబ్బరికాయ కొట్టేలోగా రెండోదీ ఆగిపోయింది. కరెంటు మళ్ళీ ఇచ్చేసరికి గంట పట్టింది.

సాయంత్రం ఒడ్డు నుంచి కబురొచ్చింది. ఆసుపత్రిలో ఆక్సిజన్ మిషన్ ఆగి ఒక పెద్దాయన పోయాడట. అక్కడ వేరే జనరేటర్ లేదని నాకు ముందే తెలుసు.

ఉద్యోగం పోయి ఇల్లు చేరాను. జరిగింది చెబితే నాయన, “దేవుని పనికే కదా ఆపింది, నీ తప్పేముండాది?” అన్నాడు.

ఇప్పటికీ ఆయుధపూజ నాడు మా వీధిలో మగ్గాల చప్పుడు ఆగగానే, ఎవరో ఊపిరి కోసం కొట్టుకుంటున్నట్టే ఉంటుంది.