చీలమండ పైన మానని పుండు

ఎడమ కాలి చీలమండ పైన, లోపలి వైపు, గోరుతో గీరుకున్న చోట ఒక పుండు లేచింది. జమ్మలమడుగు బడిలో లెక్కలు చెబుతూ పొద్దంతా బోర్డు దగ్గర నిలబడే నాకు దాన్ని పట్టించుకునే తీరిక లేదు. పట్టించుకునేసరికి రూపాయి బిళ్లంత అయింది. చుట్టూ చర్మం నల్లబడింది. సాయంత్రానికి పాదం వాచి చెప్పు పట్టీ దిగబడేది.

ఊళ్లో డాక్టరు ఇచ్చిన ఆయింట్‌మెంటుతో తగ్గలేదు. ప్రొద్దుటూరులో ఒక ఆసుపత్రికి పోతే, బల్ల మీద కూర్చోగానే మొదటి ప్రశ్న, "షుగరు ఎన్నాళ్ల నుంచి?" లేదన్నాను. రక్తం తీశారు. లేదనే వచ్చింది. "అయినా జాగ్రత్తగా ఉండండి" అని యాంటీబయాటిక్ మాత్రలు రాశారు. మళ్లీ పోతే మరో డాక్టరు, అదే ప్రశ్న, ఇంకో రకం మాత్రలు.

ఇంట్లో మా ఆడబిడ్డ నా కంచంలోకి తొంగి చూసేది. "వంకాయ తింటాండావే! ఇంగ పుండు యాడ మానుతుంది?" వంకాయ మానేశాను. గోంగూర మానేశాను. పుండు నీరు కారుతూనే ఉంది. ముందు బెంచీ పిల్లలు వెనక్కి జరిగి కూర్చున్న రోజున, వాసన వాళ్లకూ తెలుస్తోందని అర్థమై స్టాఫ్ రూములో ఏడ్చాను. హెడ్‌మాస్టరును కుర్చీ అడిగితే, "కూచోని పాఠం చెప్తాంటే చూసినోళ్లు ఏమనుకుంటారు మేడం?" అన్నాడు.

పులివెందులకు వారానికోసారి రక్తనాళాల డాక్టరు వస్తాడని తోటి టీచరు చెప్పింది. మా ఆయన విసుక్కున్నాడు. "ఇంగ ఎన్ని ఆసుపత్రులు తిరగాల? ఈయప్ప మాత్రం కొత్తగా ఏం చెప్తాడు?" ఆ విసుగు నాకూ ఉంది. అయినా ముద్దనూరు మీదుగా బస్సులో పోయాం.

ఆ డాక్టరు కట్టు విప్పకముందే, "లేచి నిలబడమ్మా" అన్నాడు. చీర మోకాలి దాకా ఎత్తి పట్టుకున్నాను. పిక్క మీద నరాలు మెలికలు తిరిగి ఉబ్బి కనబడ్డాయి.

"రక్తం పైకి పోలేక కిందనే నిలిచిపోతాంది. అందుకే మానడంల్యా. ఇంతవరకూ ఎవురూ నిలబెట్టి చూల్లేదా?"

"లేదు సార్. అందరూ కూర్చోబెట్టే చూశారు."

జబ్బేమిటో తెలిసినందుకు ఊరట కలగాల్సింది. కోపం వచ్చింది. ఆ మాత్రలన్నీ మింగి కడుపు పాడుచేసుకున్నదంతా గుర్తొచ్చింది.

స్కాన్ చేసి, పాదానికి రక్తం సరిగా అందుతోందని చూసుకున్నాకే, వేళ్ల మొదళ్ల నుంచి మోకాలి దాకా పొరలు పొరలుగా బిగించి కట్టు కట్టారు. వారం వారం పోయి మార్పించుకోవాలి. బడికి ఇంటి నుంచే ప్లాస్టిక్ కుర్చీ పట్టుకుపోయాను. హెడ్‌మాస్టరు కుర్చీ వంక ఒకసారి చూసి తన గదిలోకి వెళ్లిపోయాడు. ఏప్రిల్ ఎండలకు కట్టు కింద పుట్టిన దురద భరించలేక ఒక మధ్యాహ్నం విప్పి పారేశాను. మరుసటి రోజుకే కాలు మళ్లీ వాచింది. డాక్టరు తిట్టలేదు. "మళ్లీ మొదలు పెడదాంలేమ్మా" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

వానలు పడేనాటికి పుండు పూడింది. తరువాత నరానికి లేజరు చేశారు. ఇక బతికినన్నాళ్లూ పొద్దున్నే మంచం దిగకముందే బిగుతు మేజోడు తొడుక్కోవాలి. అది నా ఒక్కదాని వల్ల కాదు. మా ఆయన మడమ దగ్గర పట్టుకుంటాడు, నేను పైకి లాగుతాను. "మెల్లగా లాగు" అని ఆయన, "నువ్వు గట్టిగా పట్టుకో" అని నేను, రోజూ ఇద్దరం అరుచుకుంటూనే ఎక్కిస్తాం.