మధ్యలో ఆపే మా బావ

మా బావ డ్రమ్ములు బ్రహ్మాండంగా వాయిస్తాడు. కాకపోతే మధ్యలో ఆపేస్తాడు.

మాది పంక్ రాక్ బృందం. ఆ సంగీతం ఒకసారి మొదలైతే ఆగకుండా ఉరకాలి. అలాంటి పాటలో బావ చేతులు ఉన్నట్టుండి గాల్లో నిలిచిపోయేవి. పక్కన బేస్ గిటార్ వాయించే నేనూ, ముందు నిలబడి అరిచే మా గాయకుడూ బ్రేకు వేసిన బస్సులో ప్రయాణికుల్లా తూలిపడేవాళ్లం.

"ఏమైంది బావా?"

"చెయ్యి పట్టేసింది రా."

మరో రోజు కంట్లో దోమ పడేది. ఇంకో రోజు చేతిలోంచి డ్రమ్ము పుల్ల జారేది. చూస్తే రెండు పుల్లలూ చేతుల్లోనే ఉండేవి.

వాయిస్తున్నంతసేపూ నా ప్రాణాలు అరచేతిలో ఉండేవి. ఈయన ఎప్పుడు ఆపుతాడో, ఎవడు సీసా విసురుతాడోనని. అక్కతో మొరపెట్టుకుంటే, "మెట్లు దిగేటప్పుడు నా చెయ్యి వదలడు. పడతానని నాకు లేని భయం ఆయనకి. నన్నేం చెయ్యమంటావు?" అంది.

విచిత్రం, జనానికి ఆ ఆగడమే నచ్చింది. ఒక పత్రికలో దాన్ని 'సమాజం చెంప మీద కొట్టిన మౌనం' అన్నారు. అది చదివి బావకు చెమటలు పట్టాయి.

"నేనెవర్నీ కొట్టలేదురా. కేసేమైనా అవుతుందా?"

పేరు పెరిగింది, పెద్ద హాలు దొరికింది. గాయకుడు మాత్రం మొహమాటం లేకుండా చెప్పాడు: "ఇవాళ ఆపావంటే రేపట్నుంచి ఇంకొకర్ని చూసుకుంటా."

ఇసుక వేస్తే రాలనంత జనం. మూడో పాటలో బావ ఆపేశాడు.

హాలు గోల గోల. గాయకుడి కళ్లలో నిప్పులు. డ్రమ్ములున్న ఎత్తైన బల్ల మీదికి ఒక్క గంతులో ఎక్కాను. "బావా, నీ కాళ్లు పట్టుకుంటా, వాయించు."

ఆయన మొహం పాలిపోయి ఉంది. పుల్లతో ముందు వరుసవైపు చూపించాడు.

అక్కణ్నుంచి చూస్తే గాని తెలియలేదు. కంచె దగ్గర ఒకమ్మాయి కింద పడి ఉంది. చుట్టూ వందల బూట్లు. డ్రమ్ము ఆగేసరికి జనం గెంతులు ఆగాయి. గెంతులు ఆగేసరికి పక్కవాళ్లు కిందికి చూశారు. నలుగురూ కలిసి ఆమెను లేపారు. ఆమె ఒంటి చెప్పుతో నిలబడి, నవ్వి, బొటనవేలు ఎత్తి చూపించింది. బావ ఊపిరి వదిలి మళ్లీ మొదలుపెట్టాడు.

కచేరీ అయ్యాక తెర వెనక అడిగాను. "ఇన్నాళ్లూ ఇందుకా? చెప్పొచ్చుగా."

"చెబితే పడ్డవాళ్లు సిగ్గుపడరూ? నా చెయ్యి పట్టేసిందంటే ఎవరికి నష్టం?"

ఇంతలో గాయకుడు తలుపు తోసుకుని వచ్చాడు. "ఇవాళేం పట్టేసింది?"

బావ నోరు తెరిచేలోపు నేనే అందుకున్నాను. "నా గిటార్ తీగ తెగింది."

గాయకుడు నా గిటార్ వంక చూశాడు. నాలుగు తీగలూ నిక్షేపంలా ఉన్నాయి.

"మళ్లీ అతుక్కుంది," అన్నాను.

ఆయన మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "ఇప్పుడు ఇద్దర్ని ఎక్కడ వెతకనురా నాయనా," అని గొణుక్కుంటూ టీ తాగడానికి వెళ్లిపోయాడు.